ఆరు నెలల ఒక్క రోజు

హెస్టర్ లార్వుడ్ మా ఊరి హాలు తలుపు తోసుకుని లోపలికి రావడం దగ్గర పోయిన వారం ఆగాం. అప్పటికి ఆమె భర్త విల్ఫ్‌ని చర్చి వెనక మట్టిలో పెట్టి రెండు వారాలు దాటింది. సెప్టెంబరు పద్నాలుగున జరిగిన సమావేశం తర్వాత ఆమె మళ్ళీ మా బల్ల దగ్గరికి రావడం అదే మొదటిసారి. ఆ రోజు మార్చి పదిహేను, బుధవారం.

థ్రెల్‌బీ పారిష్ కౌన్సిల్‌కి, అంటే మా ఊరి పంచాయతీకి, ఏడుగురు సభ్యులు. నేను సభ్యురాలిని కాను, వాళ్ళు జీతమిచ్చి పెట్టుకున్న గుమాస్తాని. నోటీసు అంటించడం, అడిగితే చట్టం ఏమంటుందో చెప్పడం, అడగకపోతే నోరు మూసుకుని రాసుకోవడం నా పని.

ఊరికి ముప్ఫై ఒక్క కూరగాయల మళ్ళు ఉన్నాయి. వాటిలో సగం చదును చేసి, హాలుకి వచ్చేవాళ్ళ కార్లు నిలిపే చోటు చెయ్యాలని చైర్మన్ లెనార్డ్ థర్గర్ ఏడాదిగా పట్టుబట్టి ఉన్నారు. ఆయనతో కలిపి ముగ్గురు అటు. బస్సు నడిపే ట్రెవర్ గుడ్రమ్‌తో కలిపి ముగ్గురు ఇటు. హెస్టర్ చెయ్యెత్తితే మళ్ళు నిలుస్తాయి. హెస్టర్ లేకపోతే మూడూ మూడూ సమానం. సమానమైనప్పుడు చైర్మన్ రెండోసారి చెయ్యెత్తవచ్చు. అందుకే ఆ సాయంత్రం ఊళ్ళో పద్దెనిమిది మంది వర్షంలో తడుస్తూ వచ్చి గోడ పక్క కుర్చీల్లో కూర్చున్నారు. మామూలుగా ముగ్గురు వస్తే ఎక్కువ.

హెస్టర్ వెనకాలే ఆమె సవతి కూతురు జోవాన్ వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. పట్నంలో ఉంటుంది, తండ్రి బట్టలూ కాగితాలూ సర్దడానికి వచ్చి వారమైంది. చీకట్లో హెస్టర్ కారు నడపలేదని ఆమే తీసుకొచ్చింది. ఇద్దరి మధ్యా రెండడుగుల దూరం ఎప్పుడూ ఉంటుంది. జోవాన్ ఆమెని ఏనాడూ అమ్మా అని పిలవలేదు, పేరు పెట్టే పిలుస్తుంది.

కోట్లు తగిలించే చోట హెస్టర్ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి చెప్పాను.

"చైర్మన్ గారి అట్ట కింద ఒక కాగితం చూశాను. మీ కుర్చీ ఖాళీ అయిందని చదువుతారు. కంగారు పడకండి. ఫిబ్రవరి తొమ్మిదిన మీరు హాలు కమిటీకి వచ్చారు కదా, అది..."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. వేళ్ళు మంచులా ఉన్నాయి.

"ఆ తేదీ ఎత్తకు."

"అదొక్కటే మిమ్మల్ని..."

"ఎత్తకు రూత్. నా మంచి కోరేదానివైతే ఎత్తకు."

మా ఊరి బడిలో వంట చేసే రోజుల్లో, పళ్ళెంలో బఠాణీలు వదిలేసిన పిల్లలతో ఆమె మాట్లాడే గొంతు అది. నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్నే. అహం అనుకున్నాను. భర్త మంచాన పడి ఉంటే ఈవిడ కమిటీలకి తిరిగిందని ఊరు అంటుందేమోనని సిగ్గు పడుతోంది అనుకున్నాను. రెండూ తప్పే.

ఏడున్నరకి థర్గర్ గారు పెన్నుతో బల్ల మీద రెండుసార్లు కొట్టారు. డెబ్బై ఏళ్ళ మనిషి. నిటారుగా కూర్చుంటారు. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ కళ్ళజోడు తుడుస్తూ ఉంటారు, మాట అయిపోగానే పెట్టుకుంటారు. హెస్టర్ వైపు చూసి తల కొంచెం వంచారు.

"మీ దుఃఖానికి ఈ సభ సానుభూతి తెలుపుతోంది, మిసెస్ లార్వుడ్."

"ఉత్తరంలో కూడా అదే రాశారు. అచ్చు అవే మాటలు," అంది హెస్టర్.

గోడ పక్కనుంచి ఎవరో దగ్గారు. హెస్టర్ తన పాత చోటులో, కిటికీ పక్కన కూర్చుంది.

ముందు ఊళ్ళోవాళ్ళు మాట్లాడుకునే పావుగంట. అది దాటితే బయటివాళ్ళెవరూ నోరెత్తకూడదు. మళ్ళు సాగుచేసే ముసలాయన ఒకరు లేచి, తన తండ్రి కూడా ఆ మట్టిలోనే ఉల్లిపాయలు పండించాడని చెప్పి, ఇంకేం చెప్పాలో తెలియక కూర్చున్నాడు. తర్వాత బస్సు ఆగే చోట పగిలిన అద్దం. తర్వాత కుక్కల పెంట వేసే డబ్బా. ఆ డబ్బా ఎక్కడ పెట్టాలన్నది నవంబరు నుంచీ తేలడం లేదు.

"మా గేటు ముందు వద్దు. అంతే," అన్నాడు నెవిల్ పాస్క్. చెరువు అవతలి పొలం ఆయనది, చైర్మన్ కుడి చెయ్యి.

"గేటు ముందు కుక్కలు కూర్చోవచ్చుగానీ డబ్బా ఉండకూడదా?" అన్నాడు గుడ్రమ్.

"కుక్కలకి ఓటు లేదు కదా ట్రెవర్, వాటి తరఫున నువ్వెందుకు బాధపడతావు?"

"ఉండి ఉంటే నువ్వు గెలిచేవాడివి కాదు. నీ కుక్క కూడా నీకు వెయ్యదు."

నవ్వులు లేచాయి. థర్గర్ గారు నవ్వలేదు. ఆయన వేళ్ళు ముందున్న అట్ట కింద నుంచి ఒక కాగితం లాగుతున్నాయి. టైపు చేసినది. నేను చేసింది కాదు.

"మళ్ళ విషయానికి వెళ్ళేముందు సభ దృష్టికి ఒక సంగతి తేవాలి," అన్నారు. "వరసగా ఆరు నెలలు ఏ సమావేశానికీ రాని సభ్యుడు ఇక సభ్యుడు కాదు. ఇది నా మాట కాదు, చట్టం. మిసెస్ లార్వుడ్ చివరిసారి వచ్చింది సెప్టెంబరు పద్నాలుగున. నిన్నటితో ఆరు నెలలు నిండాయి. ఇవాళ్టికి ఆరు నెలల ఒక్క రోజు. ఆ కుర్చీ ఖాళీ అయింది. అది ప్రకటించడం తప్ప చైర్మన్‌గా నాకు వేరే దారి లేదు."

వంటగదిలో టీ నీళ్ళు మరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఆమె మొగుడు చావుబతుకుల్లో ఉన్నాడయ్యా!" అన్నాడు గుడ్రమ్. "నెలనెలా ఉత్తరం రాసింది. నువ్వే చదివావు. మేమందరం విన్నాం."

"విన్నాం. చేతులెత్తామా?"

ఆ ప్రశ్న నా గుండెల్లో దిగింది. ఎందుకంటే ఆ తప్పు నాది. ప్రతి నెలా హెస్టర్ రాలేనని రాసేది. ప్రతి నెలా చైర్మన్ చదివేవారు. అందరూ పాపం అనేవారు. నేను రాసుకునేదాన్ని. తర్వాతి విషయానికి వెళ్ళిపోయేవాళ్ళం. చదివి వదిలేస్తే చాలదు, ఆరు నెలలు నిండేలోపు 'ఆ కారణం మాకు సమ్మతమే' అని సభ్యులు చేతులెత్తి ఒప్పుకోవాలి. థ్రెల్‌బీలో అలా ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. నాకు ముందున్న గుమాస్తా ముప్ఫై ఏళ్ళు ఎత్తించలేదు. ఆయన్ని చూసి నేర్చుకున్న నేనూ ఎత్తించలేదు.

"ఈ సమావేశం పోయిన బుధవారమే జరగాలి కదా," అన్నాడు గుడ్రమ్ మెల్లగా. "ఎనిమిదో తారీకున. అప్పుడు ఇంకా ఆరు రోజులుండేది. వారం ఎందుకు జరిపారు, చైర్మన్ గారూ?"

"హాలుని వెచ్చబెట్టే బాయిలరు చెడిపోయింది. నోటీసులో ఉంది."

"ఎనిమిదిన బస్సు డిపోలో పెట్టి నేరుగా ఇటే వచ్చా. తల్లులు పిల్లల్ని ఇక్కడే ఆడిస్తున్నారు. కోటు విప్పాల్సినంత వెచ్చగా ఉంది."

"మధ్యాహ్నం బాగుచేశారేమో."

"ఎవరు చేశారు? నువ్వా, దేవుడా?"

థర్గర్ గారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. హెస్టర్ ఆయన్నే చూస్తోంది. కోపంగా కాదు. చాలాకాలంగా తెలిసిన మనిషి ఇంకెంత దూరం వెళ్తాడో చూద్దామన్నట్టు.

"మీ తరఫున చెప్పుకోవడానికి ఏమైనా ఉందా, మిసెస్ లార్వుడ్?" అన్నారాయన.

"ఉంది. చెప్పను."

"అంటే ఒప్పుకుంటున్నట్టే."

"చెప్పను అన్నాను. ఒప్పుకుంటున్నాను అనలేదు. నీకు తేడా తెలుసు, లెన్."

"సభలో చైర్మన్ అనాలి."

"ఇద్దరం ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. నీ ముక్కు కారుతుంటే నా రుమాలు ఇచ్చేదాన్ని. సరే, చైర్మన్ గారూ."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా వైపు తిరిగారు.

"రూత్, రాసుకో అమ్మాయ్. మిసెస్ లార్వుడ్ స్థానం ఖాళీ అయినట్టు సభలో ప్రకటించడమైనది. ఆమె బల్ల దగ్గర నుంచి లేచి బయటివాళ్ళ కుర్చీల్లో కూర్చోవలసిందిగా కోరడమైనది."

పెన్ను కాగితం మీద పెట్టాను. 'మి' రాశాను. అక్కడే ఆగింది చెయ్యి. నేను రాస్తే అదే నిజమవుతుంది. వచ్చే నెల దాన్ని చదివి, సరిగ్గా రాశానని సంతకం పెడతారు. ఆ తర్వాత యాభై ఏళ్ళకి ఎవరు తీసి చూసినా హెస్టర్ తన కుర్చీ పోగొట్టుకుంది అనే ఉంటుంది. మళ్ళు పోయాయి అనే ఉంటుంది.

"రాసుకో అన్నాను."

"అది సరికాదండీ," అన్నాను.

నా గొంతు నాకే వినపడలేదు. రెండోసారి అన్నాను. మూడేళ్ళ ఉద్యోగంలో అడక్కుండా నేను నోరు తెరవడం అదే మొదలు. పాస్క్ నన్ను, మూల నిలబెట్టిన చీపురు మాట్లాడినట్టు చూశాడు.

"నిన్నెవరైనా అడిగారా?" అన్నారు థర్గర్ గారు.

"నేను అడుగుతున్నా," అన్నాడు గుడ్రమ్. "చట్టం చెప్పడం ఆ పిల్ల పని. చెప్పమ్మా."

హెస్టర్ తల అడ్డంగా ఊపింది. చాలా కొద్దిగా. నాకు కనపడింది. కనపడనట్టు కాగితంలోకి చూస్తూ చెప్పాను.

"కౌన్సిల్ సమావేశాలే కాదండీ. కౌన్సిల్ తన తరఫున ఒకరిని వేరే కమిటీకి పంపితే, అక్కడికి వెళ్ళినా వచ్చినట్టే లెక్క. ఈ హాలు బాగోగులు చూసే కమిటీకి మన తరఫున వెళ్ళేది మిసెస్ లార్వుడ్. ఫిబ్రవరి తొమ్మిదిన ఆవిడ వెళ్ళారు. కాబట్టి ఆరు నెలలు అక్కణ్ణుంచి మొదలవుతాయి. ఆవిడ స్థానం పోలేదు."

గోడ పక్కన కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నారు. గుడ్రమ్ వెనక్కి వాలి, కడుపు నిండా తిన్నవాడిలా గాలి వదిలాడు.

థర్గర్ గారు తన కాగితం అంచులు సరిచేశారు. నేను ఆయనకి ఏదో కొత్త సంగతి చెప్పినట్టు లేదు ఆ ముఖం. అప్పుడు నాకది అర్థం కాలేదు.

"రుజువు లేని మాట రాయడానికి వీల్లేదు," అన్నారు చివరికి.

"పుస్తకం ఆలివ్ దగ్గరుంటుంది," అన్నాడు గుడ్రమ్. "ఆలివ్ వంటగదిలోనే ఉంది. తెప్పిద్దాం."

"అవసరం లేదు."

"అదేంటి, రుజువు కావాలన్నది నువ్వేగా?"

"అవసరం లేదంటున్నాను! వచ్చే నెల చూద్దాం. ఈలోపు కుర్చీ..."

"ఆలివ్!" అని గుడ్రమ్ బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతుతో కేకేశాడు.

ఆలివ్ లాంబర్ట్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. హాలు కమిటీకి పదిహేనేళ్ళుగా కార్యదర్శి. చెవులు సరిగ్గా వినపడవు, అందువల్ల తను గట్టిగా మాట్లాడుతుంది. విషయం రెండుసార్లు చెప్పాక వెనక్కి వెళ్ళి, పళ్ళెం తుడిచే గుడ్డల కింద నుంచి ఎర్ర అట్ట పుస్తకం తెచ్చింది. వేలు తడి చేసుకుని పేజీలు తిప్పింది.

"ఇదిగో. ఫిబ్రవరి తొమ్మిది, గురువారం. బయట మంచు. ఏడున్నరకి మొదలు. వచ్చినవాళ్ళు, నేనూ, బ్యాడ్మింటన్ ఆడే ఇద్దరూ, కౌన్సిల్ తరఫున హెస్టర్ లార్వుడ్. ఇదిగో సంతకం. రాలేనని కబురు పంపినవాళ్ళు, లెనార్డ్ థర్గర్. ఎలకల బోను రెండు కొనాలి. ఆడవాళ్ళ వైపు కొళాయి..."

"చాలు ఆలివ్," అన్నారు చైర్మన్.

"ఆ?"

"చాలు అంటున్నాను!"

"ఒక్క ముక్కే. ముగిసింది తొమ్మిదింపావుకి. అందరూ వెళ్ళాక తాళం వేసింది హెస్టర్." పుస్తకం మూసి, మెచ్చుకుంటారేమోనని చుట్టూ చూసింది. "నాకు మోకాళ్ళ నొప్పి. నువ్వెళ్ళు నేను వేస్తాలే అంది, పాపం."

హెస్టర్ కళ్ళు మూసుకుంది.

నేను రాశాను. 'మిసెస్ లార్వుడ్ స్థానం చెల్లుతుందని రుజువైనది.' అందంగా రాశాను కూడా. నా తప్పు నేనే దిద్దుకున్నానన్న సంతోషంలో తల ఎత్తేసరికి, గోడ పక్కన జోవాన్ నిలబడి ఉంది. ఆమె ఒళ్ళోంచి గొడుగు కిందపడింది. తీసుకోలేదు.

"ఫిబ్రవరి తొమ్మిదా?" అంది.

"బయటివాళ్ళు మాట్లాడే సమయం అయిపోయింది," అన్నారు థర్గర్ గారు వెంటనే. "కూర్చోండి."

"నాన్న పడింది ఆ రోజే."

"కూర్చోండమ్మా. ఇది ఇంటి గొడవలకి చోటు కాదు."

జోవాన్ ఆయన్ని చూడనైనా చూడలేదు. కుర్చీల మధ్యనుంచి రెండడుగులు ముందుకి వచ్చింది.

"ఏడున్నర నుంచి తొమ్మిదింపావు దాకా నువ్వు ఇక్కడున్నావా హెస్టర్? తాళం వేసి మరీ వెళ్ళావా? నాన్న గంటకి పైగా నేల మీద పడి ఉన్నాడని డాక్టరు చెప్పాడు. గంటకి పైగా! ఒళ్ళు చల్లబడిపోయింది అన్నాడు. నువ్వు నాకేం చెప్పావు? వంటింట్లో ఉన్నా, రేడియో మోగుతోంది, వినపడలేదు అన్నావు. నేను నమ్మాను. నీ మీద జాలిపడ్డాను. ఆ దిక్కుమాలిన రేడియోని నా చేతులతో తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేశాను!"

హెస్టర్ చేతులు బల్ల మీద ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

"భలే భార్య," అని పాస్క్ తనలో తను అనుకున్నట్టు అన్నాడు, అందరికీ వినపడేలా. "మొగుడు నేల మీద, పెళ్ళాం ఎలకల బోన్ల మీద."

"నోరు ముయ్యి నెవిల్," అన్నాడు గుడ్రమ్. కానీ ఆయన కూడా హెస్టర్ వైపు చూడలేకపోతున్నాడు. మళ్ళ కోసం వర్షంలో వచ్చిన ఆ పద్దెనిమిది మందిలో ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. ఇంకొకావిడ ముఖం తిప్పుకుంది. రెండు వారాల కిందట ఆ ముఖాలే విల్ఫ్ శవపేటిక వెనక నడిచి, హెస్టర్ భుజం తట్టాయి.

చేతిలో పెన్ను ఇంకా ఉందని నాకు గుర్తు లేదు. 'ఆ తేదీ ఎత్తకు' అన్నది ఎందుకో అప్పుడు తెలిసింది. ఆమె కుర్చీ నిలబెట్టాను. ఊళ్ళో ఆమె తలెత్తుకోలేకుండా చేశాను.

థర్గర్ గారు ముందుకి వంగారు. ఆయన గొంతు ఉన్నట్టుండి మెత్తబడింది. ఆ సాయంత్రం మొత్తంలో ఆయన మెత్తగా మాట్లాడింది అప్పుడే.

"హెస్టర్, నువ్వు ఇంటికి వెళ్ళు. జోవాన్‌ని తీసుకుని వెళ్ళు. ఎవరూ తప్పు పట్టరు. మిగతా పనులు మేం చూసుకుంటాం."

గుడ్రమ్ తల విసురుగా ఎత్తాడు. నాకూ అర్థమైంది. ఆమె తలుపు దాటితే బల్ల దగ్గర ఆరుగురు మిగులుతారు. మూడూ మూడూ.

హెస్టర్ కళ్ళు తెరిచింది.

"మళ్ళ సంగతి ఓటుకి పెట్టండి, చైర్మన్ గారూ."

"ఈ స్థితిలో నువ్వు..."

"నా స్థితి నేను చూసుకుంటాను. ఓటుకి పెట్టండి."

"హెస్టర్!" జోవాన్ అరిచింది. "నేను అడిగినదానికి జవాబు చెప్పు!"

"చెబుతాను. ఒక్క నిమిషం ఆగు. ఈ చెయ్యి ఎత్తి దించాక చెబుతాను. ముందే చెబితే ఈ ఓటు తీసుకోవడానికి ఇక్కడ చైర్మన్ ఉండడు."

ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. పాస్క్ చైర్మన్ వైపు చూశాడు, ఏమిటన్నట్టు. థర్గర్ గారి చేతిలో కళ్ళజోడు ఉంది. తుడవడం లేదు. ఊరికే పట్టుకున్నారు.

"కానివ్వండి," అన్నాడు గుడ్రమ్.

థర్గర్ గారు చదివారు. మాటలు తడబడ్డాయి. ఊరి మళ్ళలో పదహారింటిని చదును చేసి కార్లకి కేటాయించే తీర్మానం. ఒప్పుకునేవారు చేతులెత్తండి. మూడు. ఒప్పుకోనివారు. గుడ్రమ్, ఆయన పక్కనున్న ఇద్దరు. తర్వాత కిటికీ దగ్గర హెస్టర్ చెయ్యి. భుజం దాకా సూటిగా, బడిలో పిల్లలెత్తినట్టు.

"మూడు, నాలుగు," అన్నాను. లెక్క చెప్పడం నా పని. "తీర్మానం వీగిపోయింది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మళ్ళు నిలిచాయన్న సంతోషం ఒక్క ముఖంలోనూ లేదు. ఉల్లిపాయల ముసలాయన కూడా టోపీ చేతిలో నలుపుతూ కూర్చున్నాడు.

హెస్టర్ చెయ్యి దించింది. కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి జోవాన్‌కి ఎదురుగా కూర్చుంది.

"నీకు అబద్ధం చెప్పాను. అది నిజం. దానికి నువ్వు నన్ను ఏమన్నా పడతాను. కానీ మీ నాన్నని నేను ఒంటరిగా వదిలి రాలేదు జోవాన్. అక్టోబరు నుంచీ గడప దాటలేదు నేను. ఆ సాయంత్రం ఒకాయన వచ్చాడు. తొమ్మిదిన్నర దాకా విల్ఫ్ దగ్గర నేను కూర్చుంటా, నువ్వు ఆ కమిటీకి వెళ్ళు, కాస్త మనుషుల ముఖాలు చూడు అన్నాడు. మీ నాన్న కూడా వెళ్ళు వెళ్ళు అన్నాడు. ఇద్దరూ పేకముక్కలు తీసి పంచుకుంటుంటే చూసి వచ్చాను."

జోవాన్ ఇంకో అడుగు ముందుకి వేసింది.

"తొమ్మిదిన్నరకి తిరిగి వెళ్ళేసరికి వీధి తలుపు బార్లా తీసి ఉంది. మంచు చాప దాకా వచ్చేసింది. మంచం పక్క కుర్చీలో ఎవరూ లేరు. మీ నాన్న నేల మీద ఉన్నాడు."

"ఎవరు?" అంది జోవాన్. "ఎవరు వచ్చింది?"

"ఆసుపత్రిలో మీ నాన్న నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ పేరు నీకు చెప్పకూడదని, ఎవరికీ చెప్పకూడదని. ఎందుకో నాక్కూడా చెప్పలేదు. పోయేవాడి మాట. నేను చెప్పను."

ఆమె మళ్ళీ బల్ల వైపు తిరిగింది. ఎవరి పేరూ ఎత్తలేదు. బల్ల చివర చైర్మన్ కుర్చీ వైపు చూసింది, అంతే.

"నేను చెప్పనని నీకు తెలుసు. ఆ తేదీ నా నోట రాదని తెలుసు. ఆ ధైర్యంతోనే కదా ఆ కాగితం టైపు చేసుకుని వచ్చావు?"

పాస్క్ తన కుర్చీని చైర్మన్ పక్కనుంచి జానెడు దూరం జరుపుకున్నాడు. ఆయన తెలిసి చేశాడో లేదో నాకు తెలియదు. ఆలివ్ ఎవరినో "ఏమంది? ఏమంది?" అని అడుగుతోంది.

"సమావేశం ముగిసింది," అన్నారు లెనార్డ్ థర్గర్.

ఇంకా నాలుగు విషయాలు మిగిలి ఉన్నాయి. ఎవరూ కుర్చీల్లోంచి లేవలేదు. జోవాన్ మాత్రం బల్ల చుట్టూ తిరిగి, ఒక్కో కుర్చీ వీపూ పట్టుకుంటూ, ఆయన వైపు నడవడం మొదలుపెట్టింది.